జైడెకో: ఉప్పు లేని చిక్కుళ్లు

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి క్రియోల్ పల్లెల్లో పుట్టిన ఆటపాటల సంగీతం జైడెకో. పొరుగున తెల్లవాళ్లు పాడుకునే కేజన్ పాటకు దగ్గరి చుట్టం. బ్లూస్ సంగీతం పాలు మాత్రం ఇందులో ఎక్కువ.

అక్కడి ఫ్రెంచిలో చిక్కుడు గింజల్ని ‘లే జారికో’ అంటారు. అదే నోళ్లలో నలిగి జైడెకో అయిందని ఎక్కువమంది చెప్పే మాట. చిక్కుళ్లలో ఉప్పు లేదన్న నానుడి అక్కడి పాత పాటల్లో తరచూ వినిపిస్తుంది. ఉప్పంటే ఆ కూరలో పడే ఉప్పు పంది మాంసం. అది కొనే స్తోమత కూడా లేదని బాధ. పశ్చిమ ఆఫ్రికా భాషల్లో మూలం వెతికేవారూ ఉన్నారు. నాకు మాత్రం ఈ వంటింటి కథే నమ్మబుద్ధి అవుతుంది. ఆకలిని పాడుకున్నవాళ్లు ఆ పాటకు ఆ పేరే పెట్టుకోవడం సహజం.

పేరును లోకానికి వినిపించినవాడు 1925లో ఒపెలూసాస్ దగ్గర పుట్టిన క్లిఫ్టన్ షెనియే. ఆయన పియానో అకార్డియన్ వాయిస్తుంటే, అన్న క్లీవ్‌లాండ్ ఛాతీ మీద వేలాడే గరుకు రేకును సీసా ఓపెనర్లతో గీకుతూ లయ పట్టేవాడు. అంతకుముందు బట్టలుతికే గరుకు పలకే ఆ పని చేసేది. దాన్ని భుజాలకు తగిలించుకునేలా చేయించింది క్లిఫ్టనే. ఇప్పుడు జైడెకో అంటే సంగీతమొక్కటే కాదు, దానికి వేసే చిందూ, ఊరంతా చేరే ఆ రాత్రి వేడుకా కూడా.