368 రోజులా, నాలుగు వారాలా?
సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటూ, సిబ్బంది శిక్షణ చరిత్రా

సిడ్నీ నగర కేంద్రానికి వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న రౌస్ హిల్‌లో చాలా ఇళ్లకు రెండు రకాల కుళాయిలు ఉంటాయి. ఒకటి తాగునీటిది. వంగపండు రంగులో ఉండే రెండోది శుద్ధిచేసిన వాడుకనీటిది. తోటకు, కారు కడగడానికి, మరుగుదొడ్డికి పనికివస్తుంది. 2001లో నీటి సరఫరా మొదలైన ఈ పథకం కోసం, కొత్త కాలనీలు వేస్తున్నప్పుడే తాగునీటి గొట్టం పక్కన రెండో గొట్టాన్ని కూడా పరిచారు. మట్టి తవ్వి ఉన్నప్పుడు ఆ పని తేలిక. ఇళ్లు కట్టి, రోడ్లు వేసి, జనం కాపురాలు పెట్టాక అదే పని చేయాలంటే వీధివీధినా మళ్లీ తవ్వాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే నగరంలో సాగిన మరో పెద్ద నిర్మాణంలో రెండో గొట్టాన్ని మరిచిపోయారు. అది 2000 సంవత్సరపు ఒలింపిక్ క్రీడల వెబ్‌సైట్. దానిపై నడిచిన వివాదాన్ని న్యాయచరిత్రలో భాగంగా చాలామంది చెప్పుకున్నారు. అందులోనే సిబ్బంది శిక్షణకు సంబంధించిన ఒక పాఠం కూడా ఉంది. దాన్ని గుర్తించినవారు తక్కువ.

ఒక ఫిర్యాదు

బ్రూస్ మగ్వైర్ పుట్టుకతో అంధుడు. కంప్యూటర్ తెరపై ఉన్న పాఠాన్ని ఎప్పటికప్పుడు బ్రెయిలీ చుక్కలుగా మార్చి వేలికొసలకు అందించే పరికరం సాయంతో ఆయన ఇంటర్నెట్ వాడేవారు. 1999 జూన్‌లో ఆయన సిడ్నీ ఒలింపిక్స్ నిర్వహణ సంఘంపై ఆస్ట్రేలియా మానవ హక్కుల, సమాన అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. టికెట్ల పుస్తకం బ్రెయిలీలో లేదన్నది ఒక అంశం. క్రీడల జ్ఞాపిక సంచిక బ్రెయిలీలో లేదన్నది రెండోది. వెబ్‌సైట్ తనకు అందుబాటులో లేదన్నది మూడోది. చరిత్రలో నిలిచింది ఈ మూడోదే.

ఆయన ఎత్తిచూపిన లోపాలు మూడు. బొమ్మలకు, బొమ్మల మీద ఉన్న లింకులకు ప్రత్యామ్నాయ పాఠం లేదు. కనుక బొమ్మ ఉన్నచోట ఆయన వేళ్లకు అర్థమయ్యేదేదీ తగిలేది కాదు. పోటీల కాలపట్టిక పేజీ నుంచి క్రీడల సూచికకు చేరే దారి లేదు. ఫలితాల పట్టికలను చదవడం సాధ్యం కాదు. చూపున్నవారి కన్ను ఒక అంకెను చూసిన వెంటనే పైనున్న నిలువు వరుస శీర్షికకు, పక్కనున్న క్రీడాకారుడి పేరుకు వెళ్లి వస్తుంది. పట్టికను సరిగా నిర్మించకపోతే బ్రెయిలీ పరికరానికో స్క్రీన్ రీడర్‌కో ఆ సంబంధం తెలియదు. ఏది సమయమో, ఏది స్థానమో, ఏది ఎవరిదో తేలని అంకెల వరద మాత్రం మిగులుతుంది.

ఫిర్యాదుకు ఆధారం 1992 నాటి వైకల్య వివక్ష నిషేధ చట్టం. ఆ చట్టం రాసేనాటికి వెబ్ ఇంకా పరిశోధనశాలల గడప దాటలేదు. అందులో వెబ్‌సైట్ అన్న మాటే లేదు. వస్తువులు, సేవలు, సౌకర్యాలు అందించడంలో వివక్ష కూడదని 24వ సెక్షన్ చెబుతుంది. వెబ్‌సైట్ కూడా సేవేనని కమిషన్ తేల్చింది. 2000 ఆగస్టు 24న మగ్వైర్‌కు అనుకూలంగా నిర్ణయం వెలువడింది. క్రీడలు ప్రారంభమయ్యే సెప్టెంబర్ 15 నాటికి ఆ మూడు లోపాలను సరిదిద్దాలని కమిషన్ ఆదేశించింది. నిర్వహణ సంఘం పాక్షికంగా మాత్రమే సరిదిద్దింది. అదే నగరంలో పారాలింపిక్ క్రీడలు అక్టోబర్ 18 నుంచి 29 వరకు జరిగాయి. అవి ముగిసిన వారానికి, నవంబర్ 6న, మగ్వైర్‌కు 20,000 డాలర్ల పరిహారం చెల్లించాలని కమిషన్ తీర్పు చెప్పింది.

రెండు లెక్కలు

విచారణలో నిర్వహణ సంఘం ప్రధాన వాదన, చట్టం అనుమతించిన ‘మోయలేని భారం’ అన్న మినహాయింపు. వెబ్‌సైట్‌ను సరిచేయాలంటే ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటల చొప్పున 368 రోజులు పనిచేయాలని, అదనపు సదుపాయాలకు 22 లక్షల డాలర్లు కావాలని ఆ సంఘం లెక్క చూపింది. ఫిర్యాదీ తరఫున ఇద్దరు నిపుణులు సాక్ష్యం చెప్పారు. ఒకరు కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన యూటా ట్రెవిరానస్, మరొకరు కాన్‌బెర్రాకు చెందిన టామ్ వర్తింగ్టన్. వారి సాక్ష్యం ఆధారంగా కమిషన్ మరో లెక్కను అంగీకరించింది. అనుభవమున్న డెవలపర్ ఒకరు, ఐదు నుంచి పది మంది సహాయకులు ఉంటే నాలుగు వారాల్లో వెబ్‌సైట్‌ను కనీస స్థాయి ప్రమాణానికి తేవచ్చన్నది ఆ లెక్క.

రెండు లెక్కలూ ఒకే వెబ్‌సైట్ గురించినవి. తేడా కొంత వాదనా వ్యూహానిది కావచ్చు. కానీ రెండో లెక్కలోని మనుషుల కూర్పు గమనించదగ్గది. అందులో పని తెలిసినవారు ఒక్కరే. మిగతా వారు ఆ ఒక్కరు చూపినట్లు చేయగలిగితే చాలు. బొమ్మకు అర్థవంతమైన వివరణ రాయడం, పట్టికలో శీర్షిక ఏదో గుర్తుపెట్టడం, లింకు ఎక్కడికి పోతుందో మాటల్లో చెప్పడం వంటివి నెలల తరబడి చదవాల్సిన విద్యలు కావు. ఎవరో ఒకరు చూపించాలి, మరొకరు నేర్చుకోవాలి. ఆ తీర్పులో ‘శిక్షణ’ అనే మాట ప్రధానం కాకపోయినా, నాలుగు వారాల లెక్కకు పునాది అదే. వెబ్‌సైట్ మొదలుపెట్టిన రోజే ఆ పదిమందికి ఆ సంగతులు తెలిసి ఉంటే నాలుగు వారాలు కూడా అవసరమయ్యేవి కావు.

ప్రమాణం నుంచి పాఠం దాకా

ఫిర్యాదు నాటికి ప్రమాణాలు లేకపోలేదు. వెబ్ అందరికీ అందాలనే లక్ష్యంతో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1997లో ఒక విభాగాన్ని నెలకొల్పింది. దాని తొలి మార్గదర్శకాలు 1999 మే 5న వెలువడ్డాయి. వాటిలో 14 సూత్రాలు, 65 తనిఖీ అంశాలు ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో మరో పత్రం వచ్చింది. అది వెబ్ పేజీలు తయారుచేసే ఉపకరణాలకు ఉద్దేశించినది: బొమ్మ పెట్టేటప్పుడు వివరణ అడగాలి, రచయితను సరైన దారిలో నడిపించాలి. దాన్ని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించినవారిలో ట్రెవిరానస్ ముఖ్యురాలు. అంటే పేజీ కన్నా ముందు పేజీ రాసే మనిషి గురించి ఆలోచించాలన్న స్పృహ అప్పటికే ఉంది.

మార్గదర్శకాల రెండో కూర్పు 2008 డిసెంబర్ 11న వచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2010 జూన్‌లో దీన్ని స్వీకరించి, ప్రభుత్వ వెబ్‌సైట్లు 2012 చివరికి మొదటి స్థాయిని, 2014 చివరికి రెండో స్థాయిని అందుకోవాలని గడువులు పెట్టింది. ఆ ప్రణాళికలో సిబ్బంది శిక్షణను ఒక విడి అంశంగా చేర్చింది. అదే ఏడాది పీడీఎఫ్ పత్రాలపై విజన్ ఆస్ట్రేలియా సంస్థ ద్వారా చేయించిన అధ్యయనం సమస్యకు మూడు మూలాలు చూపింది: పత్రాన్ని తయారుచేసినవారి తీరు, సహాయక సాంకేతికతకు ఉన్న పరిమితులు, చదివేవారి నైపుణ్యం. రెండోది సాఫ్ట్‌వేర్ కంపెనీల పని. మొదటిది ప్రతి కార్యాలయంలో ప్రతి గుమస్తా పని. 2011లో దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం, మీడియా యాక్సెస్ ఆస్ట్రేలియా కలిసి ఈ విషయంపై ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు ప్రారంభించాయి. తీర్పు వచ్చిన పదేళ్లకు నేర్పే ఏర్పాటు ఒక రూపం తీసుకుంది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2014 నాటి వైకల్య సమ్మిళిత చట్టం స్థానిక కౌన్సిళ్లను కూడా ఇందులోకి తెచ్చింది. ప్రతి కౌన్సిల్ ఒక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకోవాలి. రౌస్ హిల్‌లోని వినెగర్ హిల్ స్మారక గ్రంథాలయంలో కథాకాలక్షేపం ఎన్ని గంటలకో తెలిపే ప్రకటన కూడా ఒక కౌన్సిల్ ఉద్యోగి రాసేదే. 2019 మే 26న ఆ ఊరికి వచ్చిన మెట్రో స్టేషన్‌లో లిఫ్టులు, ప్లాట్‌ఫారంతో సమానమైన ఎత్తులో రైలు తలుపులు ఉన్నాయి. వాటిని ఒకసారి కట్టి, ఆపైన మరమ్మతులు చూసుకుంటే చాలు. ప్రకటనలు మాత్రం రోజూ కొత్తగా పుడతాయి. ఇంజినీరు ఒక్కసారి చేసిన మంచిపని వాటిని కాపాడలేదు. డిజిటల్ రంగంలో శిక్షణ అవసరం భవనాల విషయంలో కన్నా ఎక్కువ కావడానికి కారణం ఇదే.

శిక్షణలో ఏముండాలి

ఈ పాతికేళ్ల అనుభవం కొన్ని సంగతులు తేల్చింది. అందరికీ ఒకే పాఠం పనికిరాదు. రాసేవారికి కోడ్ అక్కరలేదు. శీర్షికను అక్షరాలు లావుచేసి కాకుండా శీర్షికగా గుర్తించి పెట్టడం, ‘ఇక్కడ నొక్కండి’ అనే బదులు లింకు గమ్యాన్ని చెప్పడం, బొమ్మ ఎందుకు పెట్టారో అది రాయడం తెలియాలి. రూపకర్తలకు రంగుల తేడా తెలియాలి. మామూలు పరిమాణంలోని అక్షరానికి, నేపథ్యానికి మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తి ఉండాలని ప్రమాణం చెబుతుంది. వీడియోలు చేసేవారికి బధిరుల కోసం మాటలను తెరపై పాఠంగా ఇవ్వడం రావాలి. డెవలపర్లు మౌస్ పట్టుకోలేనివారి కోసం ప్రతి పనీ కీబోర్డుతో సాగేలా చూడాలి. కొనుగోళ్లు చూసేవారికి ఒప్పందంలో ఏ షరతు రాయాలో తెలియాలి. అది లేకపోతే మిగతా వారి శ్రమ వృథా.

యంత్రం చేసే తనిఖీ మీద ఆధారపడితే చాలదు. బొమ్మకు వివరణ లేదని యంత్రం పట్టుకోగలదు. వివరణ స్థానంలో కెమెరా ఇచ్చిన ఫైలు పేరు ఉన్నా చాలాసార్లు అది సరేనంటుంది. ఆ వివరణ చదివినవారికి ఏమైనా తెలిసిందా అన్నది మనిషే చెప్పాలి. అందుకే మంచి శిక్షణల్లో ఒక ఘట్టం తప్పక ఉంటుంది: స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడే వ్యక్తి, ఆ సంస్థ సొంత పేజీనే వాడుతుండగా దాన్ని తయారుచేసినవారు పక్కన కూర్చుని వినడం. ఎన్ని స్లయిడ్లు చూపినా రాని అవగాహన ఆ పదినిమిషాల్లో వస్తుంది. అయినా ఉద్యోగులు మారతారు, సాఫ్ట్‌వేర్ మారుతుంది. ఏడాదికి ఒకసారి మొక్కుబడిగా జరిగే కోర్సు ఆ మార్పులను తట్టుకోలేదు.

తెలుగు అక్షరం వినబడాలంటే

ఆంగ్లం కోసం తయారైన శిక్షణ తెలుగుకు సరిపోదు. తెలుగు పత్రికలు, ప్రచురణకర్తలు ఏళ్ల తరబడి తమతమ సొంత ఫాంట్లు వాడారు. అను వంటి ఫాంట్లలో కంటికి ‘అ’ కనిపిస్తుంది. కంప్యూటర్ లోపల ఉండేది మాత్రం మరో గుర్తు. అలాంటి ఫాంట్లలో ఉన్న వెబ్ పేజీలను యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఉపకరణం తయారుచేశారు. ముద్రణ కోసం ఆ ఫాంట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిలో కూర్చిన పుస్తకాన్ని పీడీఎఫ్‌గా వెబ్‌లో పెడితే చూపున్నవారు హాయిగా చదువుకుంటారు. స్క్రీన్ రీడర్ అర్థంలేని శబ్దాలు పలుకుతుంది.

ఇక్కడ ఆస్ట్రేలియాతో తెలుగుకు ఒక చుట్టరికం ఉంది. ప్రపంచమంతా ఉచితంగా వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, తరువాత ఆయనతో కలిసిన జేమ్స్ టే ఇద్దరూ ఆస్ట్రేలియన్లు, ఇద్దరూ అంధులు. అందులో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. అయితే పేజీ తెలుగులో ఉందని చెప్పే చిన్న గుర్తు కోడ్‌లో ఉంటేనే అది తనంతట తాను తెలుగు గొంతుకు మారగలదు. పేజీ భాషను తెలపడం ప్రమాణంలో మొదటి స్థాయి నియమం. ఒక పేజీలో మధ్యలో వచ్చే వేరే భాషను గుర్తించడం రెండో స్థాయి నియమం. తెలుగు, ఆంగ్లం కలగలిపి రాసే ప్రవాస సంస్థల పేజీలకు రెండూ అవసరమే.

ఇంతకన్నా సామాన్యమైన ఉదాహరణ ఉగాది ఆహ్వానం. తేదీ, సభాస్థలి, టికెట్ వెల, ఫోన్ నంబరు అన్నీ ఒక రంగుల బొమ్మలో కూర్చి వాట్సాప్‌లోను, సంఘం వెబ్‌సైట్‌లోను పెట్టడం అన్ని ఊళ్లలోను ఆనవాయితీ. అంధుడైన తెలుగువాడికి అక్కడ అందేది ‘బొమ్మ’ అన్న ఒక్క మాట. ఆ ఆహ్వానం తయారుచేసినవారు పగలు ఏ బ్యాంకులోనో ప్రభుత్వ శాఖలోనో ఇవే ప్రమాణాలకు లోబడి వెబ్‌సైట్లు నిర్మించేవారు కావడం అరుదేమీ కాదు. 1999లో మగ్వైర్ ఫిర్యాదు చేసిన మొదటి లోపమే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

చట్టం అడుగుతున్నది

భారతదేశంలోనూ చట్టం ముందుకు నడిచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో సమాచారం అందరికీ అందాలని చెప్పి ఊరుకోలేదు. 47వ సెక్షన్‌లో పంచాయతీరాజ్ సభ్యుల నుంచి న్యాయమూర్తుల దాకా అందరి శిక్షణలో వికలాంగుల హక్కులు ఒక భాగం కావాలని నిర్దేశించింది. సుగమ్యత నియమాలు ఐచ్ఛికం కాకూడదని రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం నివేదిక ఆధారమైంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని అదే కోర్టు పలికింది. ఆ తీర్పులోని ఆదేశాల్లో అధికారులకు వైకల్య అవగాహన శిక్షణ కూడా ఉంది.

ఆస్ట్రేలియా జనాభాలో 2022 లెక్కల ప్రకారం 21.4 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉంది. భారత జనగణన 2011లో 2.21 శాతమే నమోదు చేసింది. ఈ రెండు అంకెల మధ్య దూరంలో ఎక్కువ భాగం ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఏమని అడిగారు అన్న తేడాది. ఎంతమంది ఉన్నారో తెలిసేవరకు ఆగుదామన్న వాదన అందుకే నిలవదు. సిడ్నీలో ఫిర్యాదు చేసింది ఒకే ఒక్కడు. ఆయన ఒక్కడి కోసం వేయాల్సిన రెండో గొట్టం ఖర్చు, తెలిసినవాడు ఒకడు, నేర్చుకునేవారు పదిమంది, నాలుగు వారాలు. ఇప్పుడు మొదలుపెట్టే పేజీకి, రాబోయే ఉగాది ఆహ్వానానికి, ఆ ఖర్చు ఇంకా తక్కువ. బొమ్మ కింద నాలుగు వరుసల తెలుగు పాఠం ఉంటే సరిపోతుంది.