మూజువాణి కాని ఓటు

మనకి ఓటు అంటే వేలి మీద సిరా చుక్క. గెలిచిన పెద్దమనిషి ఢిల్లీ వెళ్ళి ఏ బిల్లుకి అవునన్నాడో, దేనికి కాదన్నాడో మా ఊళ్ళో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. రోడ్డు వేయించాడా, కాలేజీ తెచ్చాడా, పెళ్ళికి పిలిస్తే వచ్చాడా - అడిగేవి ఇవే. అందుకే అమెరికా వచ్చిన కొత్తల్లో, ఎన్నికల ముందు పోస్టు డబ్బాలో పడే రంగురంగుల కాగితాలు నాకు వింతగా ఉండేవి. ఫలానా ఏడు ఫలానా బిల్లుకి ఈయన ఓటు ఎలా వేశాడో చూడండి అని, తారీఖులు వేసి మరీ తిట్టుకుంటారు.

మా ఊరివాళ్ళ తప్పేం లేదు లెండి, పద్ధతిలోనే తేడా ఉంది. మన లోక్‌సభలో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. కావాలనేవాళ్ళు అవునంటారు, వద్దనేవాళ్ళు కాదంటారు, స్పీకరుగారు చెవితోనే తూచి ఫలితం చెప్పేస్తారు. ఎవరైనా పట్టుబడితే ఓట్లు లెక్కపెడతారు. కాని అప్పుడు కూడా తల మీద పార్టీ విప్ ఉంటుంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం పుణ్యమా అని, విప్ కాదని ఓటు వేస్తే సీటుకే ఎసరు. ఇక్కడా విప్‌లు ఉన్నారు. బతిమాలతారు, బెదిరిస్తారు, మంచి కమిటీలో చోటు లేకుండా చేస్తారు. సీటు మాత్రం ఊడగొట్టలేరు. పైగా హాజరయినవాళ్ళలో అయిదో వంతు మంది కోరితే ఎవరి ఓటు ఎటో పేరుపేరునా రాసి తీరాలని రాజ్యాంగంలోనే ఉంది. ప్రతినిధుల సభలో 1973లో యంత్రం వచ్చేదాకా గుమాస్తా నాలుగు వందల పైచిలుకు పేర్లూ ఒక్కొక్కటే చదివేవాడు. మొదటిసారి పలకనివాళ్ళని మళ్ళీ పిలిచేవాడు.

అలా పేరు పిలిపించుకున్నవాళ్ళలో నా మనసులో నిలిచిపోయిన మనిషి జానెట్ ర్యాంకిన్. మోంటానాలో పశువులు మేపుకునే కొండల మధ్య 1880లో పుట్టింది. ఆ రాష్ట్రంలో స్త్రీలకి ఓటు 1914లో వచ్చింది, అది రావడానికి తిరిగినవాళ్ళలో ఆవిడా ఒకతె. రెండేళ్ళకే, 1916 నవంబరులో, రిపబ్లికన్ పార్టీ తరఫున ప్రతినిధుల సభకి ఎన్నికయింది. అప్పటికి దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్ళకి ఓటే లేదు. అమెరికా కాంగ్రెసులో అడుగుపెట్టిన మొట్టమొదటి స్త్రీ ఆవిడే.

ప్రమాణం చేసింది 1917 ఏప్రిల్ 2న. ఆ సాయంత్రమే అధ్యక్షుడు విల్సన్ వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని అడిగాడు. మనల్ని యుద్ధంలోకి దింపలేదని చెప్పుకుని ఆర్నెల్ల క్రితమే గెలిచిన విల్సనే! మన దేశంలోనే అనుకుంటాం గాని, మాట మార్చడం ఎక్కడయినా ఒకటే.

నాలుగు రోజుల తరవాత, ఏప్రిల్ 6 తెల్లవారుజామున మూడు గంటల వేళ ఓటింగు. మొదటి విడతలో పేరు పిలిస్తే ర్యాంకిన్ పలకలేదు. సభలో ముదుసలి సభ్యుడు కానన్ దగ్గరికి వెళ్ళి, నువ్వు ఈ దేశపు ఆడవాళ్ళందరి తరఫునా ఉన్నావు, ఓటు వేయకుండా ఉండడం కుదరదమ్మా అని నచ్చజెప్పాడట. రెండోసారి పిలిచినప్పుడు లేచి నిలబడింది. దేశం పక్కనే ఉండాలని ఉంది గాని యుద్ధానికి ఓటు వేయలేను అంది. ఓటింగు సాగుతుండగా మాట్లాడకూడదన్న సంప్రదాయం కూడా దాంతో పోయింది.

లెక్క 373 - 50. అంటే ఆవిడతోపాటు 49 మంది మగవాళ్ళు కూడా కాదన్నారు. వాళ్ళలో అధికార పక్షపు నాయకుడు కిచిన్ కూడా ఉన్నాడు. ఆ 49 పేర్లూ ఈరోజు ఎవరికీ పట్టవు. పత్రికలు పట్టుకున్నది ఆవిడనే. మోంటానా పత్రిక ఒకటి జర్మన్ ప్రచారకుల చేతిలో బాకు అని తిట్టింది. ఏడ్చిందనీ, ఆడవాళ్ళు రాజకీయాలకి పనికిరారనడానికి ఇదే రుజువనీ రాశారు. ఏడ్చిందా అని న్యూయార్కు సభ్యుడు లగార్డియాని అడిగితే, నా కళ్ళలో నీళ్ళు నిండి నాకేం కనబడలేదు అన్నాడాయన. ఆయన యుద్ధానికి అవునన్నవాడు! స్త్రీల ఓటు ఉద్యమంలో పెద్దలు కొందరికి కూడా ఆవిడ మీద కోపం వచ్చింది - తమ పని చెడగొట్టిందని.

కథల్లో ఇక్కడితో ఆపేస్తారు. చిట్టా ఆగదు. అదే ఏడాది డిసెంబరు 7న ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధానికి ఓటింగు వచ్చింది. 365 మంది అవునన్నారు, కాదన్నవాడు ఒకే ఒక్కడు, న్యూయార్కు సోషలిస్టు మేయర్ లండన్. ర్యాంకిన్ ఓటు అవునన్న 365లో ఉంది. ఎలాగూ యుద్ధంలో ఉన్నాం, ఇది దానికో తోక అన్న ధోరణిలో సమర్థించుకుంది. ఈ వివరం మొదట చదివినప్పుడు నాకు కాస్త చివుక్కుమంది. తరవాత తరవాత, ఆవిడ మీద నమ్మకం పెరగడానికి కారణం కూడా ఇదే అయింది. విగ్రహాలకి ఇలాంటి ఓట్లు ఉండవు.

1918 జనవరి 10న స్త్రీల ఓటు హక్కు సవరణ మీద చర్చని సభలో ఆవిడే మొదలుపెట్టింది. సరిగ్గా మూడింట రెండు వంతులు పడ్డాయి: 274 - 136. ఒక్క ఓటు అటునుంచి ఇటు మారి ఉంటే ఓడిపోయేది. భుజం ఎముక విరిగినా కట్టు కట్టించుకోకుండా ఒక సభ్యుడు వచ్చాడు. న్యూయార్కు సభ్యుడు హిక్స్, చావు బతుకుల్లో ఉన్న భార్య వెళ్ళమంటే వచ్చి ఓటు వేసి, ఆవిడ అంత్యక్రియలకి తిరిగి వెళ్ళాడు. ఆ బిల్లు సెనేట్‌లో ఓడిపోయింది. మళ్ళీ 1919లో నెగ్గి, 1920లో రాజ్యాంగంలోకి ఎక్కే నాటికి ర్యాంకిన్ సభలో లేదు.

ఆవిడ పెట్టి నెగ్గించుకోలేని బిల్లుల్లో ఒకదానితో మనకీ చుట్టరికం ఉంది. 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. భర్తతో నిమిత్తం లేకుండా భార్య పౌరసత్వం భార్యకే ఉండాలన్నది ర్యాంకిన్ బిల్లు. 1922లో కేబుల్ చట్టం ఆ దారినే వచ్చింది గాని, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకుంటే మాత్రం పాత గతే అంది. మరుసటేడు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకి ఆ అర్హత లేదని సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో మన స్వాతంత్ర్యం కోసం ఇక్కడ పోరాడిన తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ, ఇక్కడే పుట్టిన మనిషి, సొంత దేశంలో పరాయిదైపోయింది.

ర్యాంకిన్ సీటు పోయింది యుద్ధం ఓటు ఒక్కదాని వల్లే కాదు. 1917 జూన్‌లో బ్యూట్ రాగిగనిలో మంటలు లేచి 160 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ర్యాంకిన్ వెళ్ళి కార్మికుల పక్షాన మాట్లాడింది. మోంటానాలో అనకొండా కంపెనీని కాదని బతికి బట్టకట్టిన రాజకీయనాయకులు తక్కువ. ఈలోగా రాష్ట్రాన్ని రెండు నియోజకవర్గాలుగా చీల్చారు. ఆవిడ సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయింది.

మళ్ళీ గెలిచింది 1940లో, అరవయ్యో ఏట. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డ మర్నాడు, 1941 డిసెంబరు 8న, మాట్లాడతానని లేచిన ప్రతిసారీ స్పీకర్ రేబర్న్ చూడనట్టే ఉన్నాడు. కనీసం తటస్థంగానైనా ఉండమని సొంత పార్టీవాళ్ళు బతిమాలారు. పేరు పిలిచారు. ఆడదాన్ని కనుక నేను యుద్ధానికి వెళ్ళలేను, ఇంకొకర్ని పంపించనూ పంపించను అంది. 388 - 1. బయట మూగిన జనాన్ని తప్పించుకోవడానికి టెలిఫోను గదిలో తలుపేసుకుని పోలీసులని పిలవాల్సి వచ్చింది. మోంటానా మొత్తం నీకు వ్యతిరేకంగా ఉందని సొంత తమ్ముడే చెప్పాడు. అప్పట్లో సభలో మిసిసిపీ నుంచి జాన్ ర్యాంకిన్ అని ఇంకొకాయన ఉండేవాడు, నల్లవాళ్ళ హక్కులంటే మండిపడే మనిషి. రికార్డులో ఇద్దరికీ పేరు పక్కన రాష్ట్రం కూడా వేసేవాళ్ళు. లేకపోతే ఎవరి పుణ్యం ఎవరి ఖాతాలో పడేదో.

మూడు రోజుల తరవాత జర్మనీ, ఇటలీల మీద ఓటింగులో ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. "హాజరు" అంది, అంతే.

నాకు ఆ 1941 ఓటు ఒప్పుదల కాదు. హిట్లర్ పుట్టించిన చావుని ఓటు వేయకుండా ఆపే మార్గం ఆవిడ దగ్గర లేదు. ఏడాది తిరిగాక, రూజ్వెల్టే జపానుని రెచ్చగొట్టాడన్నట్టు ప్రశ్నలు వేస్తూ రికార్డులోకి ఎక్కించిన వ్యాసం మరీ నచ్చదు. అయినా ఇలా వేలు పెట్టి ఇది సరే, ఇది కాదు అని ఆవిడతో తగువు పెట్టుకోగలుగుతున్నాను. చనిపోయి యాభై ఏళ్ళు దాటిన మనిషితో! మన దగ్గర, 2014 ఫిబ్రవరి 18న, తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో నేను పుట్టిన రాష్ట్రం రెండయింది. తెలంగాణ కావాలన్నవాళ్ళకి అది పండగ, వద్దన్నవాళ్ళకి గాయం. ఇద్దరిలో ఎవరి మనవడయినా రేపు ఆ బిల్లుకి మా సభ్యుడు ఏమన్నాడని వెతికితే, ఆఖరి ఆమోదం మూజువాణి ఓటు. పేర్లు లేవు.

2001 సెప్టెంబరు 14న సభ 420 - 1 లెక్కన అధ్యక్షుడికి బలప్రయోగపు అధికారం ఇచ్చినప్పుడు ఆ ఒక్కరు కాలిఫోర్నియాకి చెందిన బార్బరా లీ. బెదిరింపులు వచ్చి పోలీసు కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. కాని ఆవిడ నియోజకవర్గం ఆవిడని 2025 జనవరి దాకా గెలిపిస్తూనే ఉంది. ర్యాంకిన్‌కి ఆ అదృష్టం లేదు, 1942లో పోటీకే దిగలేదు. తరవాత గాంధీ పద్ధతులు నేర్చుకోవడానికని 1946 మొదలు ఏడుసార్లు ఇండియా వెళ్ళింది. ఎనభై ఏడేళ్ళ వయసులో, 1968 జనవరిలో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కొన్ని వేలమంది స్త్రీలని వెంటబెట్టుకుని వాషింగ్టన్‌లో నడిచింది. 1973లో పోయింది. మా జార్జియాలో, అట్లాంటాకి తూర్పున వాట్కిన్స్‌విల్ దగ్గర ఆవిడకి ఇల్లు ఉండేది. ఆ ఆస్తి అమ్మిన డబ్బుతో మొదలుపెట్టిన సంస్థ, వయసు మీరాక చదువుకునే ఆడవాళ్ళకి ఫీజులు కడుతుంది.