సొప్ప బండిని ఎవరు దాచిపెట్టారు?

మేడ్చల్ నుంచి రావల్కోల్ దారి పట్టినప్పుడల్లా నా కళ్ళు జొన్నచేను కోసం వెతుకుతాయి. కంకి కోసం కాదు, సొప్ప కోసం. ఎండిన సొప్పను తెచ్చి, పై బెరడును పండ్లతో చీల్చి, లోపలి తెల్లటి బెండును ముక్కలుగా కోస్తే సగం పని అయిపోయినట్టే. ఆ చీల్చిన బెరడే మళ్ళీ పుల్లగా పనికొచ్చేది. గుండ్రంగా వంచితే చక్రం, గుచ్చితే నొగ, అడ్డంగా పెడితే కాడి. ఎడ్లు కూడా బెండువే. మొల లేదు, జిగురు లేదు, పైసా ఖర్చు లేదు. పొద్దుగూకేసరికి ఆ బండి విరిగేది, లేకపోతే బర్రె నమిలేసేది. తెల్లారి ఇంకోటి.

ఇంకోటి చేసుకోవచ్చన్న ధీమా ఉండబట్టే ఏ ఇంట్లోనూ ఒక్కటీ దాచిపెట్టలేదు.

దాచిపెట్టిన బొమ్మలు మనకు లేకపోలేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. మ్యూజియం తెరిచింది 1951లో. బొమ్మ సైనికుల ముందు, బొమ్మ రైలు ముందు ఇప్పటికీ పిల్లలు కదలకుండా నిలబడిపోతారు. నిర్మల్ నఖాషీలు పొణికి చెక్కతో చేసే బొమ్మకు పేరుంది, ధర ఉంది, షోకేసులో చోటుంది. కొండాపూర్‌లో తవ్వితే శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటిలో జంతువులూ ఉన్నాయి. కాల్చిన మట్టి కాబట్టి అంతకాలం ఆగింది. సొప్ప ఒక్క వానకే కుళ్ళిపోతుంది. తాటిముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలకు పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ తిరిగిన బండి వారం కూడా నిలవదు. తాటాకు గిరకకు తుమ్మముల్లు గుచ్చి గాలికెదురు పరుగెత్తితే, ఇంటికొచ్చేసరికి చేతిలో ముల్లే మిగిలేది. చరిత్ర రాసేవాళ్ళకు ఇవి ఎట్లా దొరకాలి?

ఈ చిక్కును ఐర్లండ్ ఎనబై ఏండ్లకు పైగా కిందటే మరో వైపు నుంచి విప్పింది. అక్కడ 1935లో జానపద కమిషన్ ఏర్పడింది. ఊరూరా తిరగడానికి దానికి సరిపడా మనుషులు లేరు. అందుకని పని పిల్లలకే అప్పజెప్పారు. 1937 నుంచి 1939 వరకు దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద తరగతుల పిల్లలు, సుమారు పదకొండు నుంచి పద్నాలుగేండ్ల వాళ్ళు, వ్యాసరచనకు బదులు ఊరి ముచ్చట్లు రాశారు. తాతనో, అవ్వనో, పక్కింటి ముసలాయననో అడిగి తెలుసుకుని నోటుబుక్కులోకి ఎక్కించారు. ఏమేం అడగాలో చెప్పే చిన్న పుస్తకాన్ని కమిషన్‌లోని షాన్ ఓ సులవాన్ తయారుచేసి బడులకు పంపాడు. అట్లా పోగైనవి దాదాపు 7,40,000 పేజీలు.

మందులు, దయ్యాలు, పొలం పనుల పక్కనే ఆటలు, ఇంట్లో చేసుకునే బొమ్మలు కూడా ఆ పేజీల్లోకి చేరాయి. ఎల్డర్ అనే చెట్టు కొమ్మలోని మెత్తటి బెండును తోసేసి, గొట్టంగా మలచి, నమిలిన కాగితాన్ని గుండుగా పెట్టి పేల్చే తుపాకీ వాటిలో ఒకటి. ఆ తుపాకీ గురించి తెలిసినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వాళ్ళూ బెండు తీసినవాళ్ళే! ఆ కమిషన్ సేకరణను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతుల పట్టికలో చేర్చింది. ఇప్పుడు బాల్యానికే ఒక మ్యూజియం ఉండాలని అక్కడ కొందరు పూనుకున్నారు.

మనవాళ్ళూ ఊరికే కూర్చోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల గొంతును ఆకాశవాణికి ఎక్కించారు. 1940లో బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలను ఊళ్ళలో ఏరి తెచ్చి ఉస్మానియాలో పరిశోధన చేశారు. ఈ రుణం తీరేది కాదు. కానీ పాటను కాగితం మీద పెట్టినంత తేలిగ్గా ఆటను పెట్టలేం. అష్టాచెమ్మా గళ్ళు ఇరవై అయిదని, గవ్వలు నాలుగని ఎవరైనా రాస్తారు. కాయను చంపకుండా లోపలి గళ్ళలోకి పోవచ్చా, పోకూడదా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఆ తగువే ఆటకు ప్రాణం. ఓమనగుంటలకు పీట లేకపోతే నేల మీద పద్నాలుగు గుంటలు తీసి చింతగింజలు పోసేవాళ్ళు. దాడి ఆట గీతలు బొగ్గుతో బండ మీద గీసుకునేవాళ్ళు. సరిగ్గా ఇట్లాంటి గీతల మీదే యూరప్ ఊళ్ళలోనూ మూడు కాయలు వరసకు తెచ్చే ఆట ఆడారు. కోస్తాలో గూటీబిళ్ళ అన్నది ఇక్కడ చిర్రగోనె. ఆ పేరు పోతే కర్ర మిగిలినా లాభం లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా లోతైంది. బతుకమ్మకు ముందు తొమ్మిదిరోజులు పెండ్లికాని పిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, చుట్టూ తిరిగి ఆడతారు. అది పూజ, ఆట, చేతిపని, స్నేహం అన్నీ కలిసిన ముద్ద. ఏ అద్దాల పెట్టెలో దేన్ని పెడతాం? మన్ను ఎక్కడ తవ్వాలో, ఎంత తడపాలో, తొమ్మిదోనాడు ఏ చెరువులో కలపాలో తెలిసిన చేతులు ఉన్నన్నాళ్ళే బొడ్డెమ్మ.

రావల్కోల్ చుట్టుపక్కల ఈ చేతులు ఇంకా ఉన్నాయి. కానీ చుట్టూ అంతా మారింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. అవుటర్ రింగురోడ్డు వచ్చింది. చేలల్లో వెంచర్ల హద్దురాళ్ళు లేచాయి. పిల్లలకు ఆడాలన్న కోరిక తగ్గిందని నేను నమ్మను. తగ్గింది సరుకు. జొన్న లేదు, ఆడే జాగా లేదు, ముల్లు గుచ్చుకుంటే తీసే పెద్దమనిషి పగలు ఇంట్లో లేడు. ఇదే మేడ్చల్ పక్కన పనులకోసం ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ళ అవ్వల ఆటలు వాళ్ళ మూటల్లోనే వచ్చి ఉంటాయి. రాసుకునేటప్పుడు వాటినీ రాయాలి.

నా కోరిక చిన్నది. రావల్కోల్ బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్కొక్క వందపేజీల నోటుబుక్కు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను అడగాల్సిన ప్రశ్న: “అవ్వా, నువ్వు చిన్నప్పుడు దేంతోని ఆడుకున్నవ్?” జవాబును అవ్వ మాటల్లోనే రాయాలి, పుస్తకాల తెలుగులోకి దిద్దొద్దు. ఆట పేరు, గళ్ళ బొమ్మ, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఎప్పుడు ఆపేసిందీ, ఎందుకు ఆపేసిందీ. తరువాత ఆ వస్తువును అవ్వ ముందే కూర్చుని చేయాలి. తప్పుగా చేస్తే ఆమె లాక్కుని సరిచేస్తుంది. ఆ లాక్కోవడంలోనే అసలు పాఠం ఉంది.

సొప్ప కోసం మాత్రం ముందే ఆలోచించాలి. ఎక్కడైనా ఒక గుంట జాగా చూసి తొలివానలకు జొన్న చల్లితే, దసరా అటూ ఇటుగా కంకి కోతకొస్తుంది. కంకులు పిట్టలకు వదిలేసినా పరవాలేదు. సొప్పను మాత్రం కోసి గోడకు నిలబెట్టాలి. పచ్చిగా ఉంటే బెండు నలిగిపోతుంది. ఎండేదాకా ఆగాలి.