జిల్లాలు పెరిగె.. జిల్లా పేజీలు తరిగె

తెలుగు పత్రికలకు తొలినాళ్ల నుంచీ జిల్లా పట్టణాలే ఆటపట్టు. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమహేంద్రవరం నుంచి వివేకవర్ధనిని వెలువరించారు. బందరు నుంచి 1902లో కృష్ణా పత్రిక వచ్చింది. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నెల్లూరు నుంచి జమీన్ రైతు వారపత్రిక నిలిచింది. దినపత్రికలు మాత్రం చాలాకాలం పెద్ద నగరాలకే పరిమితమయ్యాయి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఆరంభమైన ఈనాడు, 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్ అనుబంధాన్ని జతచేసింది. మిగిలిన పత్రికలూ అదే బాట పట్టాయి. అప్పటిదాకా హత్యో, వరదో, మంత్రి పర్యటనో ఉంటే తప్ప పత్రికకెక్కని పల్లె పేరు నిత్యం అచ్చులో కనిపించసాగింది.

దీని ఫలితం 1992లో స్పష్టమైంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించిన వార్త ఊరూరా చేరింది. ఒక ఊరి పోరాటాన్ని పొరుగూరు చదివి తానూ కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఈ ఉద్యమంలో జిల్లా పేజీల పాత్ర విస్మరించరానిది.

ఈ వ్యవస్థకు ఆధారం మండల విలేకరి. సాయంత్రం వార్తల కవరును ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన రోజులవి. జీతం ఉండదు; అచ్చయిన వార్త పొడవును బట్టి ‘లైన్ అకౌంట్’ చెల్లింపే. ప్రకటనల సేకరణ భారమూ తరచూ ఆయనదే. ఎవరిపై రాయాలో వారినే ప్రకటన అడగవలసి రావడం ఈ ఏర్పాటులోని పెద్ద లోపం. ఇంటర్నెట్ రాకముందే జిల్లా వార్త విశ్వసనీయతను అది కొంత హరించిందన్నది అంగీకరించక తప్పదు.

ఆదాయానికి గండి

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ ప్రారంభించడంతో టెండర్లు తెరపైకి మళ్లాయి. క్లాసిఫైడ్ ప్రకటనలు వెబ్‌సైట్లకు తరలాయి. 2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలయ్యాక డేటా చౌకై, ఊరి వార్త తెల్లవారేలోగానే వాట్సాప్‌లో చేరసాగింది. 2019 బడ్జెట్‌లో దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై 10 శాతం సుంకం పడింది. మరుసటి ఏడాది దానిని 5 శాతానికి తగ్గించారు. అంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. జిల్లా అనుబంధాలు కుదించుకుపోయి ప్రధాన సంచికలో కలిసిపోయాయి. ఆంధ్రభూమి దినపత్రిక ముద్రణ అప్పుడే నిలిచిపోయింది.

విచిత్రమేమిటంటే, ఇదే కాలంలో జిల్లాలు పెరిగాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి.

చట్టం చూపు పత్రికపైనే

పాఠకుడు ఫోనుకు మళ్లినా చట్టం ఇంకా పత్రికనే నమ్ముకుని ఉంది. ప్రతివాదికి సమన్లు అందించడం సాధ్యం కానప్పుడు పత్రికా ప్రకటనకు న్యాయస్థానం ఆదేశిస్తే, అతడు చివరిగా నివసించిన ప్రాంతంలో చలామణిలో ఉన్న దినపత్రికలోనే దానిని వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటనను ఆ ప్రాంతంలో చలామణిలో ఉన్న రెండు దినపత్రికల్లో ప్రచురించాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అభ్యంతరం తెలిపే గడువు 60 రోజులే. పత్రిక మానేసిన ఇంట్లో రైతు తన సర్వే నంబరు ఆ ప్రకటనలో ఉందని ఇరుగుపొరుగు చెబితేనే తెలుసుకోవాలి. గ్రామ పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లోనూ వెబ్‌సైట్‌లోనూ ప్రకటించాలన్న నిబంధన ఉన్నా, వాటిని వెతికి చూసేవారు అరుదు.

భద్రత మరో సమస్య. 1918లో స్థాపితమైన వేటపాలెం సారస్వత నికేతనంలో నాటి పత్రికల సంచికలు నేటికీ పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. నిన్నటి మండల వార్త లింకు మాత్రం వచ్చే ఏడాది తెరుచుకుంటుందన్న భరోసా లేదు.