పిల్లల్లో అరుదైన లింఫోమాలు: గల్ఫ్‌లోని మన కుటుంబాలకు

ఖమీస్ ముషైత్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. పిల్లల మెడలో గడ్డ కనిపిస్తే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది టీబీ. చాలాసార్లు అది మామూలు ఇన్ఫెక్షనే, దానంతటదే తగ్గిపోతుంది. నాలుగు వారాలైనా తగ్గకపోయినా, పెరుగుతున్నా, మెడ ఎముక పైన గడ్డ తేలినా బయాప్సీ గురించి డాక్టరుగారిని అడగండి. పడుకుంటే ఆయాసం వస్తోందంటే మాత్రం ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఛాతీలో గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతూ ఉండొచ్చు.

ప్రాణాపాయం ఉంటే తప్ప, బయాప్సీకి ముందు స్టెరాయిడ్ వద్దు. దానికి లింఫోమా కణాలు కొన్నాళ్ళు కరిగిపోతాయి, స్లైడులో ఏమీ తేలదు, జబ్బు మాత్రం ఉంటుంది. సన్నసూదితో తీసిన నమూనా కూడా రకం తేల్చడానికి తరచూ చాలదు.

రకం తేలడం ఎందుకంత ముఖ్యమంటే, ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది. 1958లో ఉగాండాలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ పిల్లల దవడల్లో గమనించి రాసిన బర్కిట్ లింఫోమా ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. దీనికి కొన్ని నెలల గట్టి కీమో ఇస్తారు. కణాలు ఒక్కసారిగా చచ్చి కిడ్నీలను దెబ్బతీయకుండా మొదటిరోజుల్లో సెలైన్లు బాగా ఎక్కిస్తారు. 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, ముదిరిన దశ పిల్లలకి కీమోతో రిటుక్సిమాబ్ కలిపితే, మూడేళ్ళపాటు జబ్బు తిరగబెట్టడం, మరణం లాంటివి లేకుండా ఉన్నవారు 82 నుంచి 94 శాతానికి పెరిగారు. లింఫోబ్లాస్టిక్ రకానికి లుకేమియా తరహాలో రెండేళ్ళ దాకా వైద్యం సాగుతుంది. అందులో వాడే విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే! అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ రకంలో ఏ‌ఎల్‌కే పరీక్ష తప్పనిసరి. అది పాజిటివ్ అయి జబ్బు తిరగబెట్టిన పిల్లలకి అమెరికాలో 2021లో క్రిజోటినిబ్ మాత్రను అనుమతించారు.

ఇక ఎక్కడ చేయించాలి? రియాద్‌లో కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. ఇన్సూరెన్స్ పరిమితి ఎంత, బిడ్డ దగ్గర ఎవరుంటారు, సెలవు దొరుకుతుందా అన్నవి కీమో మొదలయ్యేలోపే తేల్చుకోండి. సగంలో ఊరు మారితే ఇంజక్షన్ల మధ్య గడువు తప్పుతుంది, అది నా దృష్టిలో పెద్ద నష్టం. ఇండియాకే వెళ్ళేటట్టయితే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ల్యాబు నుంచి పారఫిన్ బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని చేతిసామానులో పెట్టుకోండి. కీమో సాగుతున్న బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.