సీడెడ్ అంటే ఎవరు ఎవరికిచ్చింది?

పెద్ద హీరో సినిమా వచ్చిన మర్నాడు మన ఆఫీసుల్లో పని ఎంత జరుగుతుందో అందరికీ తెలిసిందే. అందరి స్క్రీన్ల మీదా ఒకటే పట్టిక. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, చివర్లో మనలాంటివాళ్ళ డాలర్లతో ఓవర్సీస్. మరి ఈ 'సీడెడ్' అనే ఊరు ఏ మ్యాపులోనైనా కనిపించిందా మీకు?

1800లో హైదరాబాదు నిజాం, తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుల కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అలా అప్పగించిన జిల్లాలు కాబట్టి కంపెనీవాళ్ళు 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అన్నారు, మనవాళ్ళు దత్తమండలాలన్నారు. ఎవడో ఎవడికో ధారపోసిన సొత్తులా ఉందా పేరు. అక్కడివాళ్ళకి ఒళ్ళు మండక ఏంచేస్తుంది? 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అనే పేరు సూచించారు. జనం అందుకున్నారు, పత్రికలు అందుకున్నాయి, ప్రభుత్వమూ అందుకుంది. ఒక్క సినిమావాళ్ళు తప్ప!

తమాషా ఏంటంటే మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. అంటే పేరు మారిన తర్వాతే. అయినా మన సినిమా వ్యాపారం పాత పేరునే పట్టుకుంది. దీనికి కారణం మన లెగసీ కోడ్ లాంటిదే. సినిమా హక్కులు ఏరియాల వారీగా అమ్ముతారు. ఆ ఏరియా డిస్ట్రిబ్యూటరుకి ఏ ఊళ్ళో ఏ హాలు ఎంత లాగుతుందో తెలుసు. హాలువాళ్ళ దగ్గర అడ్వాన్సులు తెచ్చి నిర్మాతకి ఇస్తాడు, ఆ డబ్బుతోనే సినిమా పూర్తవుతుంది. బెజవాడ గాంధీనగర్‌లో దశాబ్దాలపాటు నడిచిన వ్యాపారం ఇదే. డబ్బుతో ముడిపడ్డ వేరియబుల్ పేరుని ఎవడు మారుస్తాడు చెప్పండి?

1948లో నిజాం పాలన పోయింది, నైజాం ఏరియా మాత్రం ఉంది. 1956లో రాష్ట్రాలు కలిశాయి, ఏరియాలు కలవలేదు. 2014లో రాష్ట్రం విడిపోతే అన్ని శాఖలూ ఫైళ్ళు పంచుకోడానికి తంటాలుపడ్డాయి, ఈ పట్టికలో మాత్రం ఒక్క గీత కూడా కొత్తగా గియ్యక్కర్లేకపోయింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలైనా ఈస్ట్ ఈస్టే, వెస్ట్ వెస్టే.

పేరు పాతదైతే ఏం నష్టం అంటారేమో. పేరుతో పాటు 'సీడెడ్ ఆడియన్స్' అనే ఒక మనిషిని కూడా తయారుచేశారు. వాడికి కత్తులు, బాంబులు, గాల్లోకి లేచే సుమోలు ఉంటే చాలట. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఆది', 'ఇంద్ర' (రెండూ 2002) అన్ని ఏరియాల్లోనూ విరగబడి ఆడాయి, ముద్ర మాత్రం సీమ మీద పడింది. వీటిల్లో మూడింటి దర్శకుడు బి. గోపాల్‌ది ప్రకాశం జిల్లా, 'ఆది' తీసిన వినాయక్‌ది పశ్చిమ గోదావరి. మా టీంలో కడప కుర్రాడొకడున్నాడు. కోస్తాలో ఇంజనీరింగ్ చేరిన మొదటి రోజే హాస్టల్లో వాడిని అడిగిన ప్రశ్న "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని. నాలుగేళ్ళూ వాడి పేరు 'ఫ్యాక్షన్' అట! వాడు నవ్వుతూనే చెప్పాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు హాళ్ళూ మారాయి. కోచింగులకెళ్ళిన మనందరికీ అడ్రసు గుర్తుగా ఉండే అమీర్‌పేట సత్యం థియేటర్ పోయి, అదే చోట 2023లో ఏషియన్ సినిమాస్ వాళ్ళు అల్లు అర్జున్‌తో కలిసి మల్టీప్లెక్స్ తెరిచారు. అంతకుముందే, 2018లో, మహేశ్‌బాబుతో కలిసి గచ్చిబౌలిలో ఒకటి. రీలు డబ్బాలు మోసే పని లేదు, ఆదోనిలోనూ అట్లాంటాలోనూ డిజిటల్ బొమ్మే. టికెట్ ఫోన్లో, సీటు నంబరు ఫోన్లో. మర్నాడు పొద్దున పట్టికలో రెండో గడి మాత్రం సీడెడ్.