పది సెంట్లకు అమ్ముడుపోయిన ఈథర్

సంక్రాంతికి వచ్చిన మా మనుమడు సెల్‌ఫోన్‌లో తన క్రిప్టో ఖాతా చూపించాడు. "భయం లేదు తాతయ్యా, మూడు వందల డాలర్లకు పడితే దానంతటదే అమ్ముడయ్యేలా స్టాప్ పెట్టాను" అన్నాడు. ఆ ధీమా చూశాక ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

1990లలో షేర్లు కొన్న సభ్యమిత్రులకు ఈ సంగతులు కొత్తవి కావు. బ్రోకరుకు ఫోన్ చేసి "ఎంతకైనా సరే, అమ్మేయండి" అంటే మార్కెట్ ఆర్డరు. "నూట ఇరవైకి తగ్గితే వద్దు" అంటే లిమిట్ ఆర్డరు. 1994 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి షేర్ల వ్యాపారాన్ని కంప్యూటరు తెర మీదికి తెచ్చాక, ఆ మాటలనే మీట నొక్కి చెప్పడం మొదలైంది. క్రిప్టో వాళ్లు అరువు తెచ్చుకున్నదీ ఈ పాత సరుకే.

పదవీ విరమణ చేసిన ఏడాది, అమ్మాయి పెళ్లి ఖర్చులకని ఒక చిన్న కంపెనీ షేర్లు ఎంతకైనా అమ్మమన్నాను. పేపర్లో చూసిన ధరకంటే నాలుగో వంతు తక్కువ వచ్చింది. అందులో మోసమేమీ లేదు. ఆవేళ కొనేవాళ్లు లేరు, అంతే.

అదే సంగతి పెద్ద ఎత్తున 2017 జూన్ 21న అమెరికాలో జరిగింది. కాయిన్‌బేస్ సంస్థకు అప్పట్లో జీడాక్స్ అనే ఎక్స్ఛేంజి ఉండేది. అందులో ఎవరో కొన్ని మిలియన్ల డాలర్ల ఈథర్‌ను ఒకే మార్కెట్ ఆర్డరుతో అమ్మకానికి పెట్టారు. పై ధర చెప్పిన కొనుగోలుదార్లు అయిపోగానే, ఆర్డరు కింది ధరల వాళ్ల దగ్గరకు దిగింది. 317.81 డాలర్ల ధర 224.48కి వచ్చింది. అక్కడితో ఆగలేదు. దారిలో కాచుకుని ఉన్న స్టాప్ ఆర్డర్లు ఒక్కొక్కటే మేల్కొన్నాయి. అప్పు తెచ్చి కొన్నవారి ఈథర్‌ను కూడా కంప్యూటరు అమ్మేసింది. ఇలా సుమారు ఎనిమిది వందల ఆర్డర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ధరను పది సెంట్లకు దించాయి. కాసేపటికే ధర మళ్లీ లేచింది గానీ, అమ్ముడుపోయింది తిరిగి రాదు కదా! ముందే అతి తక్కువ ధరకు లిమిట్ ఆర్డరు పెట్టుకుని కూర్చున్నవారికి మాత్రం పంట పండింది. లావాదేవీలు రద్దు చేయమని చెప్పిన సంస్థ, తర్వాత నష్టపోయిన ఖాతాదార్లకు సొంత డబ్బు సర్దింది. అది వాళ్ల ఔదార్యమే. అందరూ అలా ఇస్తారనుకోకూడదు.

మావాడికి ఇదే చెప్పాను. మూడు వందలు అన్నది నీకు దక్కే ధర కాదురా, నీ సరుకు సంతలోకి వెళ్లే సమయం మాత్రమే. అక్కడ ఎవరు ఎంతిస్తే అంతే.

"అయితే స్టాప్ లిమిట్ పెడతాను. రెండు వందల తొంభైకి తగ్గితే అమ్మదు" అన్నాడు. మంచిదే. మరి ధర ఒక్కసారిగా దానికీ కిందికి జారితే? సరుకు అమ్ముడుపోక చేతిలోనే మిగులుతుంది. వాడు ఆలోచనలో పడ్డాడు.

ఎంత పెట్టావని అడిగాను. చెప్పాడు. "నాన్నకు మాత్రం చెప్పకు తాతయ్యా" అన్నాడు.